ఆస్పత్రి గుమ్మం దాటిన రోగికి ఒక తేదీ ఇవ్వండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల ఆరోగ్య శాఖ మంత్రులకు బహిరంగ లేఖ



మీ రెండు రాష్ట్రాల్లో ఏ ఊళ్లోనైనా ఆస్పత్రిలో కాన్పయి తల్లీబిడ్డలు ఇల్లు చేరితే, ఆశా కార్యకర్త ఆ ఇంటికి ఏయే రోజుల్లో వెళ్లాలో ముందే రాసి ఉంటుంది. 3వ రోజు, 7వ రోజు, ఆ తర్వాత 14, 21, 28, 42. మొత్తం ఆరుసార్లు. కాన్పు ఇంట్లోనే జరిగితే మొదటి రోజును కూడా కలుపుకుని ఏడుసార్లు. అక్కడితో వదిలేయకుండా, మూడో నెల నుంచి పదిహేనో నెల దాకా మరో ఐదుసార్లు వెళ్లి బిడ్డ తిండి, బరువు, ఎదుగుదల చూసి రావాలి. ఈ తేదీలు ఊరికే పుట్టలేదు. తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు పల్లెటూరి ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చి పసిగుడ్డులున్న ఇళ్లకు పంపించారు. పోల్చి చూసిన ఊళ్లకంటే అక్కడ నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో వాళ్లు ప్రకటించారు. 2011లో ఆ పద్ధతిని దేశమంతా అందుకుంది.

అదే ఊళ్లో, అదే వీధిలో, పక్షవాతం వచ్చి ఆస్పత్రిలో ఉండి ఇంటికి చేరిన మనిషికి అలాంటి తేదీ ఒక్కటి కూడా లేదు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన ముసలమ్మకూ లేదు. డిశ్చార్జి కాగితం మీద మందుల జాబితా కింద ‘ఫిజియోథెరపీ చేయించండి’ అని ఒక్క వాక్యం ఉంటుంది. ఎవరు చేయిస్తారు, ఎప్పుడు వస్తారు, ఎన్నాళ్లు వస్తారు, ఎంతవుతుంది అన్నవన్నీ ఇంటివాళ్లే వెతుక్కోవాలి.

ఆ వెతుకులాటకు అవతలి కొసన ఉన్నవాళ్లు ఇళ్లకు తిరిగి వైద్యం చేసే ఫిజియోథెరపిస్టులు, వాళ్లతోపాటు ఆక్యుపేషనల్ థెరపిస్టులు, స్పీచ్ థెరపిస్టులు. ఈ లేఖ వాళ్ల పని గురించి. ఇంటికి వెళ్లి చేసే చికిత్స ఫలించాలంటే చేతి నేర్పు ఒక్కటే చాలదు. ఎవరి ఇంటికి, ఏ రోజు, ఏ దారిన, ఎవరు కబురు చేస్తే వెళ్లాలన్న ఏర్పాటు కావాలి. ఆ ఏర్పాటు బరువంతా ఒంటరిగా తిరిగే మనిషి మీదే ఉన్నంతకాలం, డబ్బున్న కాలనీలకే ఆ సేవ అందుతుంది. పుట్టిన బిడ్డకు ఇచ్చినట్టే ఆస్పత్రి నుంచి ఇల్లు చేరిన రోగికీ ప్రభుత్వం తేదీల పట్టిక ఇవ్వాలి, ఆ తేదీన వెళ్లే మనిషికి ఒక ప్రాంతం అప్పగించాలి. ఈ లేఖ కోరేది ఇదే.

హైదరాబాద్‌లో ఇళ్లకు వెళ్లే ఫిజియోథెరపిస్టు రోజు ఎలా గడుస్తుందో చూడండి. ఆమె నాలుగున్నరేళ్లు ఫిజియోథెరపీ డిగ్రీ (బీపీటీ) చదివింది. పొద్దున్నే స్కూటీ మీద బయల్దేరుతుంది. ఒక పేషెంటు ఉప్పల్‌లో, ఇంకొకరు కూకట్‌పల్లిలో, మరొకరు ఎల్బీ నగర్‌లో. ఒకరికి మోకీళ్ల ఆపరేషన్, ఒకరికి పార్కిన్సన్స్, మరొకరికి కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. పేషెంట్లు ఒకరి ద్వారా ఒకరు ఫోన్ చేసి పిలిచేవాళ్లే కాబట్టి, ఏ మూల నుంచి పిలుపొస్తే ఆ మూలకు వెళ్లాల్సిందే.

దీన్ని లెక్కగట్టి చూద్దాం. ఒక్కో ఇంట్లో 45 నిమిషాలు పని ఉంటుందనుకుంటే ఐదు ఇళ్లకు మూడు గంటల ముప్పావు. ఆ ఐదు ఇళ్లూ ఐదు దిక్కుల్లో ఉండి, ఇంటికీ ఇంటికీ మధ్య గంట పడితే, నాలుగు గంటలు రోడ్డు మీదే పోతాయి. అదే ఐదు ఇళ్లూ నిజాంపేట, ప్రగతినగర్, బాచుపల్లి చుట్టుపక్కలే ఉండి మధ్యలో పావుగంట చొప్పున పడితే, ప్రయాణం గంటకు తగ్గుతుంది. మిగిలిన మూడు గంటల్లో ఇంకో ముగ్గురిని చూడొచ్చు. కొత్తగా ఒక్క ఉద్యోగం ఇవ్వకుండానే ముగ్గురికి వైద్యం అందుతుంది. అనుభవం ఉన్నవాళ్లు అందుకే వారాన్ని ప్రాంతాలుగా పంచుకుంటారు: సోమ, గురువారాలు ఒక వైపు, మంగళ, శుక్రవారాలు ఇంకో వైపు. ఆఖరి గంటను ఎవరికీ మాట ఇవ్వకుండా ఉంచుకుంటారు, ఆరోజే డిశ్చార్జి అయిన మనిషి ఇంటి నుంచి ఫోన్ రావచ్చు గనక.

హైదరాబాద్ దాటితే లెక్క వేరు. విజయవాడలో చిట్టినగర్, విద్యాధరపురం వైపు కొండవాలు ఇళ్లకు బండి పోదు. పక్షవాతం వచ్చిన మనిషిని ఆ మెట్ల మీదుగా కిందికి దించి ఆస్పత్రికి తీసుకెళ్లాలంటే ఇద్దరు మగవాళ్లు పని మానుకోవాలి. వారానికి మూడుసార్లు ఆ పని ఎవరూ చేయలేరు. కాబట్టి థెరపిస్టే మెట్లెక్కాలి. గోదావరి లంక గ్రామాలకు పడవ దాటాలి. పాడేరు ఏజెన్సీలో రోడ్డు లేని గూడేల నుంచి రోగులను ఇప్పటికీ డోలీల్లో మోసుకొస్తున్న సంగతి మీకు తెలుసు. పల్లెవెలుగు బస్సు ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి తిరిగే ఊళ్లో రాకపోకలకే రోజు సరిపోతుంది. ఇలాంటిచోట ఒక్క పేషెంటు కోసం వెళ్లడం ఎవరికీ గిట్టుబాటు కాదు. అదే ఊళ్లో, చుట్టుపక్కల రెండు ఊళ్లలో ఉన్నవాళ్ల పేర్లన్నీ ఒకేచోట రాసి ఉంటే, వారంలో ఒక రోజు ఆ మూడు ఊళ్లకు కేటాయించవచ్చు. ఆ పేర్లు ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు తెలుసు. వాటిని థెరపిస్టు చేతికి అందించే పద్ధతే లేదు.

దూరం ఒక్కటే కాదు, వేళ కూడా వైద్యంలో భాగమే. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు లెవోడోపా మాత్ర పనిచేస్తున్న సమయంలోనే నడక అభ్యాసం చేయించాలి. మాత్ర ప్రభావం దిగిపోయాక వెళితే కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతారు, ఆ విజిట్ వృథా. మోకీళ్ల ఆపరేషన్ అయినవాళ్లకు నొప్పి మాత్ర వేసుకున్నాక కాసేపటికి వెళితే కాలు వంగుతుంది. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు తిండి వేళ తప్పితే వ్యాయామంలో చక్కెర పడిపోవచ్చు. ఎండాకాలంలో రెంటచింతలలోనో రామగుండంలోనో మధ్యాహ్నం వేళ, రేకుల ఇంట్లో, ముసలివాళ్లతో కసరత్తు చేయించడం ప్రమాదం. రోగి మాత్ర వేళకు థెరపిస్టు వెళ్లాలంటే, ఆ మాత్ర వేళ రాసిన కాగితం ముందే ఆమెకు అందాలి.

అందుకే మంచి థెరపిస్టు పని ఇంటికి వెళ్లకముందే, ఫోన్‌లోనే మొదలవుతుంది. డిశ్చార్జి కాగితం ఫొటో పంపమంటుంది. ఆపరేషన్ చేసిన కాలి మీద బరువు మోపొచ్చని డాక్టర్ చెప్పారా, ఇంకా వద్దన్నారా అని అడుగుతుంది. ఇల్లు ఎన్నో అంతస్తు, లిఫ్టు ఉందా, మంచం ఏ వైపు గోడకు ఆనుకుని ఉంది, మరుగుదొడ్డి ఇంట్లోనా పెరట్లోనా, పగలు ఇంట్లో ఎవరుంటారు, కుక్క ఉందా అని కనుక్కుంటుంది. టీబీ, మానని పుండు ఉన్న ఇంటికి రోజులో చివర వెళుతుంది. కీమోథెరపీ తీసుకుంటున్న పేషెంటు దగ్గరికి అందరికంటే ముందు వెళుతుంది. ముందురోజు రాత్రి మెసేజ్ పెట్టి వేళ ఖాయం చేసుకుంటుంది. రోగిని చెకప్‌కు తీసుకెళ్లిన రోజున తాళం వేసిన తలుపు దగ్గరికి వెళ్లి తిరిగి రావడం ఇంకో రోగి గంటను పోగొట్టడమే.

సంచిలో ఏముంటుంది? బీపీ మిషన్, పల్స్ ఆక్సీమీటర్, కీళ్ల వంపును కొలిచే గోనియోమీటర్, టేపు, స్టాప్‌వాచ్, రబ్బరు బ్యాండ్లు, నడుముకు కట్టి పట్టుకునే బెల్టు, చేతులు శుభ్రం చేసుకునే శానిటైజర్. కొందరు నొప్పి తగ్గించే చిన్న టెన్స్ మిషన్ కూడా మోస్తారు. మిగతావి ఇంట్లోనే దొరుకుతాయి. ఇసుక నింపిన నీళ్ల బాటిల్ బరువవుతుంది, చపాతీ పిండి ముద్ద పట్టు తప్పిన వేళ్లకు పనికొస్తుంది, మడత పెట్టిన దుప్పటి మోకాలి కింద దిండవుతుంది. ఆస్పత్రిలో ఖరీదైన యంత్రాల దగ్గర నేర్చుకున్న కదలికను, రోగి తన ఇంట్లో తనకున్న వస్తువులతో చేయగలిగేలా మార్చడంలోనే ఈ పని నేర్పంతా ఉంది.

ఇల్లే చాలా చెబుతుంది. ఆస్పత్రి వరండాలో వాకర్ పట్టుకుని నిక్షేపంగా నడిచిన తాతగారు ఇంట్లో గడప దగ్గర ఆగిపోతారు. సాగిపోయిన నవారు మంచం మీద నుంచి లేవలేరు. స్నానాల గది నేల నున్నగా ఉంటుంది, పట్టుకోవడానికి కడ్డీ ఉండదు. నేల మీద కూర్చునే మరుగుదొడ్డి తప్ప ఇంకోటి ఉండదు. ఇవేవీ ఎక్స్‌రేలో కనపడవు, ఓపీ గదిలో కూర్చున్న డాక్టర్‌కు తెలియవు. ఇంటికి వెళ్లిన థెరపిస్టు మాత్రం కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోమని, ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తుంది. 12 సెకన్లు దాటితే పడిపోయే ముప్పు ఉందని గుర్తు. ఆ పరీక్షకు కుర్చీ, గడియారం చాలు. ఆ తర్వాత మంచం కింద ఇటుకలు పెట్టి ఎత్తు పెంచమంటుంది, గోడకు కడ్డీ బిగించమంటుంది, మరుగుదొడ్డి మీద పెట్టే కమోడ్ కుర్చీ తెమ్మంటుంది. తుంటి ఎముక మరోసారి విరగకుండా ఆపేవి ఇలాంటి పనులే.

చాలామంది అధికారులకు ఇక్కడొక ఆలోచన తోచవచ్చు. థెరపిస్టును పంపేబదులు కుటుంబసభ్యులకే ఆస్పత్రిలో నేర్పి పంపితే సరిపోదా అని. ఆ ఆలోచనను మన దేశంలోనే పరీక్షించి చూశారు. అటెండ్ అనే అధ్యయనంలో 14 ఆస్పత్రుల నుంచి 1,250 మంది పక్షవాత రోగులను తీసుకున్నారు. సగం మంది కుటుంబాలకు అదనంగా శిక్షణ ఇచ్చి, ఇంటి దగ్గర వాళ్లచేతే అభ్యాసాలు చేయించారు. ఫలితాలు 2017లో లాన్సెట్‌లో వచ్చాయి. ఆరు నెలలకు చనిపోయినవాళ్లు, ఇతరుల మీద ఆధారపడి బతుకుతున్నవాళ్లు రెండు వర్గాల్లోనూ 47 శాతమే. కుటుంబం మీద పెట్టిన అదనపు భారం వల్ల తేడా రాలేదు.

దీని పక్కన ఇంకో ఆధారం పెట్టి చూడాలి. పక్షవాత రోగులను ఆస్పత్రి నుంచి త్వరగా ఇంటికి పంపి, అక్కడ నిపుణుల బృందం చూసుకునే పద్ధతి మీద జరిగిన 17 పరీక్షలను కోక్రేన్ సంస్థ 2017లో సమీక్షించింది. ఆస్పత్రిలో ఉండాల్సిన రోజులు తగ్గాయి, ఆరు నెలల ప్రాంతంలో చూస్తే ఇతరుల మీద ఆధారపడేవాళ్లూ తగ్గారు. ఎక్కువ ప్రయోజనం కనిపించింది ఒక బృందంగా, సమన్వయంతో పనిచేసిన చోట్లే. ఆ పరీక్షలు ఎక్కువగా సంపన్న దేశాల్లో జరిగినవి, మన దగ్గర అంత పెద్ద బృందాలు వెంటనే దొరకవు. అయినా దారి ఎటువైపో ఈ రెండూ కలిపి చెబుతున్నాయి. నేర్పిన మనిషి తిరిగి రావాలి, చూడాలి, సరిదిద్దాలి, ఇంకొకరితో మాట్లాడాలి. కుటుంబం అవసరమే, కానీ నిపుణుల స్థానంలో కుటుంబాన్ని పెట్టలేం.

కుటుంబానికి నేర్పాల్సినవి లేవని కాదు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే మంచాన పడ్డ మనిషి వీపు మీద పుండ్లు పడతాయి. పడిపోయిన చేతిని పట్టుకుని లాగి లేపితే భుజం జారుతుంది, ఆ నొప్పి నెలల తరబడి పోదు. కోడలు ప్రేమతోనే అన్నం కలిపి పడుకోబెట్టి తినిపిస్తుంది. మింగే శక్తి తగ్గిన మనిషికి ఆ మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. ఇది స్పీచ్ థెరపిస్టు ఒక్కసారి వచ్చి, కూర్చోబెట్టి, గొంతు దగ్గర చెయ్యి పెట్టి చూపిస్తే అర్థమయ్యే సంగతి. మరోవైపు పావురం రక్తం రాస్తే పక్షవాతం పోతుందన్న నమ్మకంతో మొదటి వారాలు ఊళ్లు తిరగడంలో గడిపే కుటుంబాలున్నాయి. కోలుకోవడం ఎక్కువగా జరిగేది మొదటి మూడు నెలల్లో. ఇల్లు చేరిన మూడో రోజున ఎవరైనా వచ్చి కూర్చుని మాట్లాడితే ఆ వారాలు దక్కుతాయి.

డబ్బు సంగతి. నగరంలో ఒక్క విజిట్‌కు కొన్ని వందల రూపాయలవుతుంది. వారానికి ఐదుసార్లు చొప్పున మూడు నెలలంటే 60కి పైగా విజిట్లు. అమెరికాలో ఉన్న కొడుకు యూపీఐలో పంపి, వీడియో కాల్‌లో అమ్మ నడకను చూడగలిగే ఇళ్లు కూకట్‌పల్లిలో ఉన్నాయి. ఆటో నడిపే కొడుక్కి అది కుదరదు. ఆయుష్మాన్ భారత్ ప్యాకేజీలో డిశ్చార్జి తర్వాతి ఖర్చులకు గడువు 15 రోజులు. బీమా కంపెనీలు ‘డొమిసిలియరీ’ అని రాసేది, ఆస్పత్రిలో చేర్చాల్సిన రోగిని తరలించలేకపోతేనో పడక దొరకకపోతేనో ఇంట్లో చేసే చికిత్సకు. కోలుకుంటున్న మనిషికి నడక నేర్పడం అందులోకి రాదు. 2007లో ఆరోగ్యశ్రీని మొదలుపెట్టి పేదవాడికి పెద్ద ఆపరేషన్ చేయించుకునే ధైర్యం ఇచ్చిన నేల ఇది. ఆ ఆపరేషన్ ఫలితం నిలబడేది తర్వాతి మూడు నెలల్లోనే కాబట్టి, ప్యాకేజీలో ఇంటి విజిట్లను చేర్చడం ఆ ఖర్చును కాపాడుకోవడం అవుతుంది.

ఇళ్లకు వెళ్లేవాళ్ల భద్రత గురించి కూడా మీరు వినాలి. ఈ వృత్తిలో ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. తెలియని ఇంట్లో, తలుపు మూసిన గదిలో, మనిషిని తాకి చేసే పని ఇది. కొందరు మొదటిసారి వెళ్లేటప్పుడు ఇంకొకరిని తోడు తీసుకెళతారు, లొకేషన్ ఇంటికి షేర్ చేస్తారు, ఇంట్లో మరో మనిషి లేకపోతే లోపలికి వెళ్లరు. ఎవరి జాగ్రత్త వాళ్లే పడాలన్నట్టుంది పరిస్థితి. పని స్థలాల్లో లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం, ఉద్యోగి పని మీద వెళ్లిన చోటునూ నివాస గృహాన్నీ కూడా పని స్థలంగానే గుర్తించింది. పది మంది కంటే తక్కువ పనిచేసే చోట్ల ఫిర్యాదుల కోసం జిల్లాకో స్థానిక కమిటీ ఉండాలంది. ఇళ్లకు వెళ్లే ఆరోగ్య సిబ్బందిలో ఎంతమందికి తమ జిల్లా కమిటీ ఎక్కడుందో తెలుసు? ఆ చిరునామా, ఫోన్ నంబరు ప్రతి థెరపిస్టు చేతిలో ఉండేలా చూడటానికి కొత్త చట్టం అక్కర్లేదు.

అవతలి వైపు భయమూ న్యాయమైనదే. ఇంట్లోకి వస్తున్నది చదువుకున్న థెరపిస్టా, నాలుగు రోజులు ఎవరి దగ్గరో పని చూసి వచ్చిన మనిషా అని కుటుంబం ఎలా తెలుసుకోవాలి? 2021 మార్చిలో పార్లమెంటు ఆమోదించిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, పోషకాహారం వంటి వృత్తులను ఒక గొడుగు కిందికి తెచ్చింది. రాష్ట్ర మండళ్లు ఉండాలని, అవి రిజిస్టర్ నిర్వహించాలని చెప్పింది. స్పీచ్ థెరపిస్టులు 1992 చట్టం కింద ఉన్న రీహాబిలిటేషన్ కౌన్సిల్ పరిధిలో ఉన్నారు. కుటుంబానికి కావాల్సింది ఈ చట్టాల పేర్లు కావు. ఫోన్‌లో పేరు కొడితే రిజిస్టర్‌లో ఆ మనిషి ఉన్నారో లేరో కనపడాలి. థెరపిస్టు మెడలో ఫొటో ఉన్న గుర్తింపు కార్డు ఉండాలి.

రాసి పెట్టుకోవడం సంగతి కూడా చెప్పాలి. ఇప్పుడు పేషెంటు చరిత్ర థెరపిస్టు డైరీలో, వాట్సాప్ వీడియోల్లో ఉంటోంది. ఆమె ఊరు మారితే అదీ పోతుంది. నిన్న ఎన్ని అడుగులు నడిచాడు, చెయ్యి ఎంతవరకు లేచింది, బీపీ ఎంత, ఏ లక్ష్యం పెట్టుకున్నారు అన్నది ఒక పేజీలో, తెలుగులో, రోగి ఇంట్లోనే ఉండాలి. తర్వాత వచ్చే డాక్టర్, ఏఎన్ఎం, ఇంకో థెరపిస్టు అదే పేజీ మీద రాయాలి. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబరులో మొదలైంది, 14 అంకెల ఆభా నంబర్లు ఇస్తున్నారు. ఆ నంబరు కింద ఇంటి విజిట్‌ను నమోదు చేసే గడి ఒకటి చేర్చితే చాలు. రోగి నడుస్తున్న వీడియో ఎవరికి పంపాలి, ఎన్నాళ్లు ఉంచాలి అన్నదానికి 2023 డేటా రక్షణ చట్టాన్ని బట్టి ఒక పేజీ నియమావళి రాయించాలి.

మంత్రులారా, ఇవేవీ కొత్త ఆలోచనలు కావు. పునాదులు ఇప్పటికే ఉన్నాయి. 2010-11లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం, మంచాన పడ్డ వృద్ధుల ఇళ్లకు సామాజిక ఆరోగ్య కేంద్రం నుంచి పునరావాస సిబ్బంది వెళ్లాలని తన మార్గదర్శకాల్లోనే రాసుకుంది. 2023 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ విధానంలో, 104 వాహనంతో ఊరికి వచ్చే డాక్టర్ మంచం మీద ఉన్నవాళ్లను ఇంటికి వెళ్లి చూడాలని ఏర్పాటు చేశారు. తెలంగాణలో పాలియేటివ్ (ఉపశమన) సేవా కేంద్రాల నుంచి ‘ఆలన’ వాహనాలు క్యాన్సర్ ముదిరినవాళ్ల ఇళ్లకు వెళుతున్నాయి. సమగ్ర శిక్ష కింద మండలాల్లో నడిచే భవిత కేంద్రాలు, నడవలేని పిల్లలకు ఫిజియోథెరపీ చేయిస్తూ, బడికి రాలేని పిల్లల ఇళ్లకు టీచర్లను పంపుతున్నాయి. అంటే మీ రెండు రాష్ట్రాల్లో ప్రభుత్వం తరఫున రకరకాల మనుషులు వేర్వేరు దారుల్లో ఇళ్లకు వెళుతున్నారు. డాక్టర్ ఇంటికొచ్చి చూసినా, పక్షవాతం వచ్చిన నలభై ఏళ్ల మేస్త్రీకి నడక నేర్పే మనిషి మాత్రం ఈ దారుల్లో దేని నుంచీ రాడు. అతడు వృద్ధుడు కాడు, క్యాన్సర్ రోగి కాడు, బడి పిల్లవాడు కాడు.

కేరళ ఈ చిక్కును విప్పిన తీరు దగ్గర్లోనే ఉన్న ఉదాహరణ. 1993లో కోజికోడ్ మెడికల్ కాలేజీలో కొందరు డాక్టర్లు మొదలుపెట్టిన పాలియేటివ్ సేవ, వలంటీర్ల ద్వారా ఊళ్లకు పాకింది. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వం దేశంలోనే మొదటిసారిగా పాలియేటివ్ విధానం ప్రకటించింది. ఇంటి విజిట్లను స్థానిక సంస్థలకు అప్పగించింది. పంచాయతీ దగ్గర ఆ ఊళ్లో మంచాన ఉన్నవాళ్ల జాబితా ఉంటుంది, నర్సు ఏ రోజు ఏ వార్డుకు వెళ్లాలో ఉంటుంది. జబ్బు పేరు కంటే ఇల్లు, ఇంటి అవసరం అక్కడ ముందుకొచ్చాయి.

మీ రెండు రాష్ట్రాలకు ఈ లేఖ చేస్తున్న ప్రతిపాదన ఇది. పక్షవాతం, తుంటి ఎముక, వెన్నెముక, తలకు దెబ్బ, కాలు తీసివేత: ఈ ఐదింట్లో దేనితోనైనా డిశ్చార్జి అయ్యే ప్రతి రోగి కాగితం మీద ‘ఇంటి విజిట్ తేదీ’ అన్న గడి ఉండాలి. అది నిండకుండా డిశ్చార్జి పూర్తికాకూడదు. మొదటి విజిట్ ఇల్లు చేరిన మూడు రోజుల్లోపు. మొదటి ఆరు వారాలు వారానికి కనీసం రెండుసార్లు. తర్వాత మూడో నెల నిండేదాకా వారానికోసారి. ఆరో నెలలో ఒకసారి వెళ్లి చూడాలి. రోగి తనంతట తాను మరుగుదొడ్డికి వెళ్లి రాగలిగినప్పుడు, అన్నం ముద్ద నోటికి అందుకోగలిగినప్పుడు, ‘ఇక నేను రావాల్సిన పనిలేదు తాతా’ అని థెరపిస్టు చెప్పి రాయాలి. ఆ మాటకు ఎన్నాళ్లు పట్టిందన్నదే ఈ సేవకు కొలమానం కావాలి. విజిట్ల సంఖ్యను లెక్కపెడితే అవసరం తీరినా విజిట్లు సాగుతూనే ఉంటాయి.

ఆ తేదీన వెళ్లడానికి మనిషి కావాలి. నగరాల్లో కొన్ని బస్తీ దవాఖానాలను కలిపి ఒక ఫిజియోథెరపిస్టుకు, పల్లెల్లో మండలానికి ఒకరికి ప్రాంతాన్ని అప్పగించండి. ప్రభుత్వ ఉద్యోగాలు ఒక్కసారిగా ఇవ్వలేకపోతే, అదే ప్రాంతంలో సొంతంగా పనిచేస్తున్న రిజిస్టరైన థెరపిస్టులకు విజిట్ చొప్పున చెల్లించండి. ఆ చెల్లింపులో రోడ్డు మీద గడిపిన సమయానికీ పెట్రోలుకూ లెక్క ఉండాలి. కొండ ఇళ్లకు, లంకలకు, ఏజెన్సీకి రేటు ఎక్కువ ఉండాలి. లేకపోతే అందరూ లిఫ్టు ఉన్న అపార్టుమెంట్లనే ఎంచుకుంటారు. ఆక్యుపేషనల్, స్పీచ్ థెరపిస్టులు అన్నిచోట్లా దొరకరు కాబట్టి, జిల్లాకు ఒకరిద్దరిని ఉంచి వారానికో మండలం తిప్పండి. ముఖం వంకరపోవడం, ఛాతీలో నొప్పి, పిక్క వాచి వేడెక్కడం వంటివి కనపడితే వ్యాయామం ఆపి 108కి ఫోన్ చేయాలని, అక్కడి నుంచి ఏ ఆస్పత్రికి తీసుకెళ్లాలో ముందే రాసి ఉండాలని ప్రతి ప్రాంతానికీ ఒక కాగితం ఇవ్వండి.

మొత్తం రాష్ట్రంలో ఒకేసారి మొదలుపెట్టమని ఎవరూ అడగడం లేదు. ఆంధ్రలో ఒక జిల్లా, తెలంగాణలో ఒక జిల్లా తీసుకుని ఏడాది పాటు నడపండి. అందులో ఒక పట్టణం, ఒక ఏజెన్సీ మండలం కచ్చితంగా ఉండాలి. మూడో రోజులోపు ఎంతమంది ఇళ్లకు వెళ్లగలిగారు, మూడు నెలలకు ఎంతమంది సొంతంగా నడుస్తున్నారు, ఎంతమందికి పుండ్లు పడ్డాయి, ఎంతమంది మళ్లీ ఆస్పత్రిలో చేరారు అన్న నాలుగు అంకెలు ప్రతి నెలా ప్రజల ముందు పెట్టండి.

ఈ లేఖకు మీ శాఖల నుంచి జవాబు వస్తే అందులో మూడు విషయాలు ఉండాలని మనవి: మొదలుపెట్టే జిల్లా పేరు, డిశ్చార్జి కాగితంలో ఆ గడి చేర్చుతూ ఇచ్చే ఉత్తర్వు తేదీ, ఇంటి విజిట్ల బాధ్యత ఎవరిదో ఆ అధికారి హోదా, ఫోన్ నంబరు. ఆ నంబరును మీ ఆశా కార్యకర్తలు ఊరూరా చేరవేయగలరు.


ఇళ్లకు తిరిగి వైద్యం చేసే థెరపిస్టుల తరఫున, వాళ్ల కోసం ఎదురుచూస్తున్న కుటుంబాల తరఫున